ఎండిన కాలువలో మునిగిన అమలమ్మ

హెడ్డు కానిస్టేబులు ఆమోసు భయస్తుడన్న సంగతి బెజవాడ పోలీసుల్లో తెలియనివాళ్ళు లేరు. యాభై రెండేళ్ళొచ్చాయి, ఒంటిమీద ఖాకీ ముప్పై ఏళ్ళ నుంచీ ఉంది, ఇంతవరకూ ఒక్క దొంగ చెయ్యి పట్టుకున్నవాడు కాడు. పైనుంచి బల్లి పడితే ఆఫీసంతా వినపడేలా కేకేస్తాడు. అందుకే ఆయన్ని డి.ఎస్.పి. గారి ఆఫీసులో నేరాల లెక్కల సెక్షన్లో కూర్చోబెట్టారు. ఏ స్టేషన్లో ఏ ఏడు ఎన్ని ఖూనీలు, ఎన్ని దొంగతనాలు, ఎన్ని కొట్లాటలు అని గళ్ళ కాగితం మీద గీతలు గీసుకోవడమే ఆయన ఉద్యోగం. కాగితం మనిషిని కరవదు గదా అని ఇన్నాళ్ళూ నిశ్చింతగా ఉన్నాడు పాపం.

ఇప్పుడు ఆ కాగితమే చొక్కా లోపలి జేబులో మడతపెట్టుకుని, 1976 జూన్ నాలుగో తారీకు శుక్రవారం, పొద్దున పది గంటల పది నిమిషాలకి, ఉయ్యూరు అవతల అంకాలపాలెం పోలీసు స్టేషను మెట్లెక్కుతున్నాడు.

ఆ కాగితం మీద రెండే గీతలు. ఎర్రది ఖూనీలు, నీలంది నీళ్ళలో పడి చనిపోయినవాళ్ళు. 1968లో అంకాలపాలెంలో ఖూనీలు తొమ్మిది, నీళ్ళలో పడ్డవాళ్ళు ముగ్గురు. 1971లో ఇన్‌స్పెక్టరు వెంకటకృష్ణారావు ఈ స్టేషనుకి వచ్చాడు. మరుసటేడు నుంచీ ఎర్రగీత దిగడం మొదలెట్టింది. ఐదు, మూడు, ఒకటి, పోయినేడాది సున్నా. నీలిగీత ఏడు, తొమ్మిది, పదకొండు, పన్నెండు. రెండూ కలిపితే ఏ ఏడు చూసినా పన్నెండే. ఇదే కాలువ మీద ఉన్న పైస్టేషన్లోనూ కిందిస్టేషన్లోనూ నీళ్ళలో పడేది ఏడాదికి ఇద్దరో ముగ్గురో. ఈ ఊరివాళ్ళకే కాళ్ళు జారడమేమిటి?

ఆ ముక్క బయటికి అనకుండా ఆమోసు రెండేళ్ళు నోరు కుట్టుకున్నాడు. కానీ ఈ ఏడు అంకాలపాలేన్ని అతి తక్కువ నేరాలున్న స్టేషనుగా షీల్డుకి ఎంపిక చేశారు. అదే వారం శౌరమ్మ అనే ముసలావిడ అర్జీ డి.ఎస్.పి. గారి బల్లమీదికి వచ్చింది. “నా కూతురు అమలమ్మ కాలువలో పడలేదు బాబూ” అని ఒకటే మాట, కింద వేలిముద్ర. డి.ఎస్.పి. గారు కొత్తవాడు, కుర్రవాడు. “ఆమోసూ, షీల్డు ఇచ్చే ముందు లెక్కలు సరిచూసిరా” అని చీటీ రాసిచ్చేశాడు. ఎమర్జెన్సీ రోజులాయె. పైవాడు వెళ్ళమంటే వెళ్ళాల్సిందే.

స్టేషను కాగితాలన్నీ రాసే రైటరు సొలొమోను ఎదురొచ్చాడు. బక్కపల్చని మనిషి, ఇస్త్రీ మడత నలగని చొక్కా.

“వందనాలు బ్రదర్! ఇన్నేళ్ళూ మీ సంతకం చూడ్డమేగాని మనిషిని చూడ్డం ఇదే. కూర్చోండి, మజ్జిగ తాగండి ముందు.”

ఆమోసు గ్లాసు అందుకున్నాడు. ఆమాటకొస్తే సొలొమోను చేతిరాతంటే ఆయనకి ఎంతో ఇష్టం. ఇరవై మూడు స్టేషన్ల నుంచి వచ్చే రిపోర్టుల్లో కళ్ళకద్దుకోదగినవి ఇతనివే.

“మీరు మెమో రాశారు, జ్ఞాపకముందా?” అన్నాడు సొలొమోను నవ్వుతూ. “కాపీలు మసిమసిగా ఉంటున్నాయి, ప్రతి రిపోర్టుకీ కొత్త కార్బను వాడవలెను అని. ఆ మెమో పాటించేది జిల్లా మొత్తమ్మీద నేనొక్కణ్ణే అనుకుంటా. వాడేసినవి ఇదిగో, ఈ బిస్కెట్ల డబ్బాలో వేస్తా. మా ఆవిడ పొయ్యి రాజేసుకోడానికి పట్టుకుపోతుంది.”

“మంచి అలవాటండీ” అన్నాడు ఆమోసు. “అమలమ్మ కాగితాలు ఒకసారి...”

“ఇస్తా, ఇస్తా. లాకు దగ్గరికి వెళ్తారా? ఎండ మాడ్చేస్తోంది. ఇంతకీ మీకు ఈతొచ్చా బ్రదర్?”

“నాకా? మా గుణదలలో ఇంటికి కూతవేటు దూరంలో కాలువ. మోకాలు దాటి ఎప్పుడూ దిగలేదండీ. నీళ్ళంటే భయం.”

“కాలువ ఊళ్ళ లెక్కలు చూసేవారు, ఈత రాకపోతే ఎలాగండీ!” అని సొలొమోను పకపకా నవ్వి, ఫైలు తీసి చేతిలో పెట్టాడు.

లాకు స్టేషనుకి రెండు ఫర్లాంగులు. ఆమోసు అక్కడికి చేరేసరికి పదకొండు ఇరవై. వేసవిలో కాలువలు కట్టేస్తారు గనక అడుగంతా నెర్రెలు బాసి ఉంది. ఎవరో ఆడవాళ్ళు ఇసుకలో చెలమ తవ్వి తాగునీళ్ళు తోడుకుంటున్నారు. రమ్మని కబురు పంపినట్టే రేవు మెట్ల దగ్గర శౌరమ్మ నిలబడి ఉంది. అరవై దాటిన మనిషి, మెడలో జపమాల, చంకలో గుడ్డ మూట.

“నువ్వేనా బాబూ, బెజవాడ నుంచి వచ్చింది?”

“నేనేనమ్మా. కూర్చో. జరిగింది జరిగినట్టు చెప్పు, ఏడవకుండా చెప్పు.”

“ఏడవడం ఎప్పుడో అయిపోయింది” అని ముసలావిడ పై మెట్టుమీద కూర్చుంది. “మా అల్లుడు మరియదాసు బసవపున్నయ్య గారి ఇటుకబట్టీలో పని. కూలి పెంచమని నలుగుర్నీ వెంటేసుకుని గొడవ పడ్డాడు. మార్చిలో ఓ పొద్దున బట్టీకెళ్ళినవాడు మళ్ళీ రాలా. కాలువలో పడ్డాడన్నారు. సరే అనుకున్నాం. తరవాత బట్టీలో ఒకామె చెప్పింది, పారలతో కొట్టారు అమ్మా, నేను చూశానని. మా అమ్మి ఊరుకుంటుందా? అర్జీ రాయించుకుని స్టేషనుకి పోయింది. రెండు దినాలకి దాన్నీ చాపలో చుట్టి తెచ్చారు. ఇదీ కాలువలో పడిందంట.”

“నువ్వు చూశావా శవాన్ని?”

“చూడనిచ్చారా! పెట్టెలో పెట్టేముందు తల నిమిరాను. అంతే.” శౌరమ్మ తన రెండు చేతులూ చాచి చూపించింది. “జుట్టు పొడిగా ఉందయ్యా. గుణదల మాతకి తలనీలాలిస్తానని మొక్కుకుని రెండేళ్ళుగా పెంచుతోంది. ముందురోజు రాత్రి ఆముదం రాసి జడేసింది నేను. ఆ జడ అట్టానే ఉంది. ఒక్క పాయ ఊడలా. నీళ్ళలో పడి కొట్టుకుపోయిన మనిషి జడ అట్టా ఉంటదా? నువ్వు చదువుకున్నోడివి, చెప్పు.”

ఆమోసు ఎండలోనే నిలబడి ఫైలు తెరిచాడు. సొలొమోను గుండ్రటి అక్షరాలు. ‘14-4-76 ఉదయం ఆరున్నర గంటలకు లాకు రేవులో బట్టలుతుకుతూ కాలుజారి పడి, ప్రవాహమునకు కొట్టుకొనిపోయి, దిగువన వంతెన స్తంభమునకు తగిలి తేలినది.’

“ప్రవాహమునకు” అన్న మాట దగ్గర ఆమోసు వేలు ఆగిపోయింది. చుట్టూ చూశాడు. నెర్రెలు బాసిన మట్టి.

లాకు తలుపులు ఎత్తీ దించే లస్కరు హనుమయ్య గూనలో నీళ్ళు పోసుకుంటూ వీళ్ళని చూడనట్టు చూస్తున్నాడు. ఆమోసు అటు వెళ్ళాడు.

“హనుమయ్యా, ఈ ఏడు కాలువ ఎప్పుడు కట్టేశారు?”

“ఎప్పట్లాగే ఎడ్డుగారూ. ఏప్రిలు పదిహేను.”

“గేజి రిజిస్టరు చూపించు.”

“అది... పెట్టెలో ఉందండీ. తాళం మా సూపర్నెంటు గారి దగ్గిర...”

“నీ మొలతాడుకి వేలాడుతోంది తాళంచెవి.”

హనుమయ్య మొలమీద చెయ్యేసుకున్నాడు. “ఎడ్డుగారూ, మీరు బస్సెక్కి పోతారు. నేను ఈ గట్టుమీదే ఉండాలి. నలుగురు పిల్లలండీ.”

“నాకూ భయమే హనుమయ్యా” అన్నాడు ఆమోసు. ఆ మాట ఎంత నిజంగా వచ్చిందంటే లస్కరు తలెత్తి చూశాడు. పోలీసు నోట అటువంటి మాట అతను పుట్టి బుద్ధెరిగి వినలేదు. పెట్టె తెరిచి రిజిస్టరు తీశాడు.

రోజూ పొద్దున ఆరింటికి గేజి రాయి మీద నీళ్ళు ఎన్ని అడుగులున్నాయో రాసే పుస్తకం అది. ఏప్రిల్ పది: ఆరడుగులు. పదకొండు: అడుగున్నర. పన్నెండు: సున్నా. పదమూడు: సున్నా. పద్నాలుగు: సున్నా.

“పదిహేనని దండోరా వేశారండీ” అన్నాడు హనుమయ్య గొంతు తగ్గించి. “కానీ పైన లాకు తలుపు ఎత్తే చక్రం పళ్ళు విరిగాయని పదో తారీకు సాయంత్రమే కట్టేశారు. అయిదు దినాలు ముందు. ఊళ్ళో రైతులు చేలు ఎండాయని నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు.”

ఆమోసు ఆ పేజీ నకలు రాసుకుని, హనుమయ్య చేత సంతకం చేయించాడు. టైము పన్నెండు ఐదు. చిక్కు విడిపోయిందనిపించింది ఆయనకి. రైటరు అసలు రేవు మొహం చూడలేదు. కుర్చీలోంచి లేవకుండా, పదిహేను దాకా నీళ్ళుంటాయన్న ధీమాతో, పాత రిపోర్టు చూసి కొత్త రిపోర్టు రాసి పడేశాడు. జరిగిందంతా అదే. శవం దొరికాక తీరుబడిగా రాసిన అబద్ధం అది, అనుకున్నాడు. అలా అనుకోవడమే ఆయన చేసిన పొరపాటు.

“మళ్ళీ నీళ్ళెప్పుడొస్తాయి?”

“రేపేనండీ. బెజవాడలో ఇవాళ రాత్రి వదుల్తారు, రేపు పొద్దున ఆరింటికల్లా ఇక్కడ దూకుతాయి. మొదటి నీళ్ళు చూడాలండీ, గట్లు అదిరిపోతాయి. నిన్న రైటరు గారు కూడా ఇదే అడిగారు. వేళ మారితే వెంటనే స్టేషనుకి కబురు చెయ్యమన్నారు.”

ఎవరైనా కాలువలో ఉంటే ప్రమాదమని కాబోలు, మంచిదే అనుకున్నాడు ఆమోసు. శౌరమ్మ దగ్గరికొచ్చాడు.

“అమ్మా, నీ కూతురు అర్జీ ఇచ్చినట్టు రుజువేమైనా ఉందా?”

ముసలావిడ మూట విప్పింది. జపపుస్తకం మధ్యలోంచి నాలుగు మడతల కాగితం తీసింది. అర్జీ నకలు. కింద స్టేషను ముద్ర, ముద్ర మీద తారీకు, పక్కన సొలొమోను పొట్టి సంతకం. 12-4-76. చూశారా, మంచి అలవాట్లున్న మనిషి! ఊరూపేరూ లేని కూలిదాని అర్జీకి కూడా రసీదు ముద్ర కొట్టకుండా ఉండలేకపోయాడు.

“నువ్వు ఒక్కదానివీ ఇంటికి వెళ్ళొద్దు. వంతెన కింద నీడ ఉంది, చల్లగా ఉంటుంది. నేను వచ్చేదాకా అక్కడ కూర్చో. కదలొద్దు. నేనే బెజవాడ తీసుకెళ్తా.”

“నీ వెంట వస్తానయ్యా” అని శౌరమ్మ మెట్లు దిగి, ఎండిన కాలువ అడుగున నడుచుకుంటూ వంతెన నీడలోకి వెళ్ళింది.

ఎండకి కళ్ళు బైర్లు కమ్మి, ఆమోసు లాకు పక్క చావిట్లో చాలాసేపు కూలబడ్డాడు. స్టేషనుకి వెళ్ళడం వాయిదా వేస్తున్నాడన్నది అసలు సంగతి. జేబులోంచి గళ్ళ కాగితం తీసి, మళ్ళీ మడిచి, మళ్ళీ తీశాడు. పన్నెండు, పన్నెండు, పన్నెండు. చివరికి లేచాడు.

రెండు గంటల యాభై నిమిషాలకి వెంకటకృష్ణారావు గదిలో నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరు ఆరడుగుల మనిషి. మెత్తగా మాట్లాడతాడు. మెత్తగా మాట్లాడే పెద్దవాళ్ళంటే ఆమోసుకి మరీ హడలు.

“ఏమయ్యా ఆమోసూ! కూడికలు సరిపోయాయా?”

“కూడికలు సరిపోయాయండి. అదే... అదేనండి భయం.”

“అంటే?”

ఆమోసు గళ్ళ కాగితం బల్లమీద పరిచాడు. “ఎర్రగీత ఎంత దిగితే నీలిగీత అంతే లేచిందండి. ఎనిమిదేళ్ళుగా పన్నెండు తగ్గలేదు, పెరగలేదు. ఈ ఊళ్ళో మనుషులు చావడం మానలేదండయ్యా. ఖూనీ గడిలోంచి తీసి నీళ్ళ గడిలో వేస్తున్నారు, అంతే.”

“గీతలు గీసేవాడివి గీతలు గీసుకో. షీల్డు నాకొస్తోందని మీ సెక్షన్లో ఎవడి కడుపు మండింది?”

“ఎవరి కడుపూ కాదండి. అమలమ్మ పద్నాలుగో తారీకున ప్రవాహంలో కొట్టుకుపోయిందని మీ సంతకం. పన్నెండు నుంచీ కాలువలో చుక్క నీరు లేదండి.”

“లాకు గుంటలో నీళ్ళుంటాయి. ఏడాది పొడుగునా ఉంటాయి.”

“గుంటలో పడితే గుంటలోనే తేలాలండి. వంతెన దాకా ఎలా వెళ్ళిందండి?”

వెంకటకృష్ణారావు సిగరెట్టు వెలిగించాడు. “తారీకు తప్పు పడింది. పది అని రాయబోయి పద్నాలుగని రాశాడు మా రైటరు. ఒక్క మెమో ఇవ్వు, దిద్దిస్తా. దీనికింత రాద్ధాంతమా?”

“పదో తారీకు చచ్చిపోయిన మనిషి పన్నెండో తారీకు మీ స్టేషనుకి నడిచొచ్చి అర్జీ ఎలా ఇచ్చిందండి?”

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆమోసే అదిరిపడ్డాడు. ముద్ర ఉన్న కాగితం దూరం నుంచే చూపించి చప్పున జేబులో పెట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టరు సిగరెట్టు పొగ వదలడం మరచిపోయాడు. ఆ క్షణం ఆమోసుకి బాత్రూముకి వెళ్ళాలనిపించింది, చెప్పొద్దూ.

“మా వాళ్ళ మధ్య నిలబడి ఈ మాటలంటున్నావు. నీకు ధైర్యం ఎక్కువే” అన్నాడు ఇన్‌స్పెక్టరు చివరికి.

“లేదండి. చాలా భయంగా ఉందండి.”

అంతలో వరండాలో అడుగుల చప్పుడు. లస్కరు హనుమయ్య. పరుగెత్తుకొచ్చినట్టున్నాడు, రొప్పుతున్నాడు. రైటరు గదిలోకి తొంగిచూసి ఏదో అన్నాడు. “నాలుగింటికి” అన్న ఒక్క మాటే ఆమోసు చెవిన పడింది. తిరిగి వెళ్తూ హనుమయ్య ఆమోసుని చూశాడు. చూసి, తల దించుకుని వెళ్ళిపోయాడు.

సొలొమోను వచ్చి ఇన్‌స్పెక్టరు చెవిలో చెప్పాడు. వెంకటకృష్ణారావు మొహం తేటపడింది.

“సరే ఆమోసూ. నా స్టేషన్లో తప్పు జరిగితే నేనే దిద్దుకుంటా. ఆ ముసలావిడ చేత చోటు చూపించి కొత్తగా పంచనామా రాయిద్దాం. ఇవాళే. ఎక్కడుంది ఆవిడ?”

ఆమోసుకి గుండెల మీద బరువు దిగిపోయింది. ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడని కల్లో కూడా అనుకోలేదు. ఆ సంబరంలో నోరు జారింది. “వంతెన కింద కూర్చోబెట్టానండి. నేను వచ్చేదాకా కదలొద్దన్నానండి.”

“భేష్” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “రైటరు గదిలో కూర్చో. జీపు తీయించి పిలుస్తా.”

రైటరు గదిలో సొలొమోను రాసుకుంటున్నాడు. బాల్‌పెన్ను నొక్కి నొక్కి రాస్తున్నాడు, నకలు పడాలి గదా. “అయిపోయింది బ్రదర్, ఒక్క నిమిషం” అని సంతకం చేసి, కాగితాలు విడదీసి, సొరుగులో పెట్టి తాళం వేశాడు. కార్బను తీసి బిస్కెట్ల డబ్బాలో వేశాడు. “ఈ నెల లెక్కల కవరు కూడా కట్టేశాను. మీ సెక్షనుకే. మూడూ యాభై బస్సుకి పంపాలి. జిగురు తెస్తా ఉండండి” అని బయటికెళ్ళాడు.

గడియారం మూడూ ఇరవై.

ఆమోసుకి అనుమానం లేదు. అలవాటు ఉంది. కాగితాల మధ్య బతికిన మనిషికి కార్బను కనపడితే చెయ్యి ఆగదు. తన మెమో పాటిస్తున్న ఏకైక స్టేషను గదా, కాపీ ఎంత బాగా పడుతుందో చూద్దామని డబ్బా తెరిచాడు. పైన రెండున్నాయి. ఒక్కసారే వాడిన కార్బను వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే అక్షరాలు తెల్లగా, అచ్చు వేసినట్టు కనిపిస్తాయి. అడుగుది తీసి కిటికీ దగ్గర పట్టుకున్నాడు.

‘5-6-76 ఉదయం ఆరు గంటల నలభై నిమిషములకు శౌరమ్మ, వయస్సు సుమారు అరవై, లాకు రేవులో కాలుజారి పడి, ప్రవాహమునకు కొట్టుకొనిపోయి...’

ఆమోసు మళ్ళీ చదివాడు. ఇవాళ నాలుగో తారీకు. ఐదో తారీకు రేపు.

అప్పుడు తెలిసింది ఆయనకి. అమలమ్మ రిపోర్టు శవం దొరికాక రాసింది కాదు. ముందే రాసింది. పదిహేను దాకా నీళ్ళుంటాయని దండోరా విని, పద్నాలుగు అని రాసి సొరుగులో పెట్టుకున్నారు. కాలువ అప్పటికే కట్టేశారని కుర్చీలోంచి లేవనివాళ్ళకేం తెలుసు? కాగితం పైకి వెళ్ళిపోయింది. మనిషిని కాగితానికి సరిపెట్టారు. ఒక్క అమలమ్మేనా, మరియదాసూ అంతే. ఇన్నేళ్ళూ నీలిగీత ఇలాగే లేచింది. ఆ గుండ్రటి అక్షరాలని ఇన్నాళ్ళూ బాగున్నాయని మెచ్చుకుంటూ కూడుకున్నది తనే.

రెండో కార్బను తీశాడు.

‘4-6-76 సాయంత్రం నాలుగు గంటలకు, పై లాకుల నుండి నీరు ఒక దినము ముందుగా విడుదలైనందున, వంతెన క్రింద కూర్చొనియున్న శౌరమ్మ ప్రవాహములో చిక్కుకొనగా, ఈత రాకపోయినను ప్రాణములకు తెగించి ఆమెను రక్షింపబోయిన హెడ్డు కానిస్టేబులు ఆమోసు కూడ నీట మునిగి మరణించెను. అతని ధైర్యసాహసములు...’

‘వంతెన క్రింద’ అని చెప్పింది తనే. ఈత రాదని చెప్పిందీ తనే. అడిగినదానికల్లా నవ్వుతూ జవాబు చెప్పి, తన చావు కాగితం తనే రాయించుకున్నాడు.

పెరటి తలుపు తెరిచే ఉంది. అవతల జొన్నచేను, ఆ తరవాత రోడ్డు, రోడ్డు మీద మూడూ యాభై బస్సు. పరుగెత్తితే అందుతుంది. ఆమోసు ఒక అడుగు అటు వేశాడు కూడా. అడుగు వేశాక వంతెన నీడ గుర్తొచ్చింది. ‘నేను వచ్చేదాకా కదలొద్దు’ అన్నాడు. ఆవిడ కదలదు. నీళ్ళ చప్పుడు విన్నా కదలదేమో. తను తప్ప ఇంకెవరు పిలిచినా రాదు.

వరండాలో చెప్పుల చప్పుడు. బల్లమీద కవరు నోరు తెరుచుకుని ఉంది. మీద తన సెక్షను పేరు, సొలొమోను గుండ్రటి అక్షరాలతోనే. ఆమోసు రెండు కార్బన్లూ, గేజి పేజీ నకలూ, అర్జీ కాగితమూ ఆ కవర్లో నెల లెక్కల మధ్యకి తోసేశాడు.

సొలొమోను జిగురు సీసా పట్టుకుని వచ్చాడు. పుల్లతో కవరు అంచుకి జిగురు రాసి, అరచేత్తో రుద్ది రుద్ది అంటించాడు. అరనిమిషం పట్టింది. ఆ అరనిమిషం ఆమోసు ఊపిరి తియ్యలేదు.

“మందంగా ఉందే ఈసారి” అన్నాడు సొలొమోను కవరు తూకం చూస్తూ.

“షీల్డు ఏడాది గదండీ” అన్నాడు ఆమోసు. “లెక్కలెక్కువుంటాయి.”

సొలొమోను నవ్వి, కవరు కానిస్టేబులుకిచ్చి బస్సు స్టాండుకి పంపాడు. రేపు పొద్దునకల్లా అది బెజవాడలో ఆమోసు బల్లమీదికి చేరుతుంది. ఆ బల్ల దగ్గర ఆమోసు ఉంటాడా లేడా అన్నదే తేలాలి.

“పదండి బ్రదర్. సారు జీపులో ఉన్నారు.”

మూడూ ముప్పై ఆరు. ఆమోసు తనంతట తనే జీపు వైపు నడిచాడు. కాగితంలో రాసినట్టే, ఒక్క అక్షరం తప్పకుండా నడుస్తున్నానని తెలుస్తూనే ఉంది. ఆ రిపోర్టులో ఇంతసేపూ పచ్చి అబద్ధంగా కనిపించింది ధైర్యసాహసాలన్న మాటే. అదెక్కడ నిజమవుతుందోనని ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ భయమేసింది.

ఎత్తు జీపు. కాలు అందలేదు. వెంకటకృష్ణారావు ముందు సీటులోంచి వంగి, “రా రా” అని చెయ్యిచ్చి పైకి లాగాడు. ఆమోసు వెనక కూలబడ్డాడు. సొలొమోను పక్కన ఎక్కి కూర్చుంటూ, ఈ నెల లెక్కల కవరు మందంగా ఉందని నవ్వాడు. పడమటి వైపు, ఎక్కడో దూరంగా, ఆగకుండా ఒక హోరు వినిపిస్తోంది.

ఇన్‌స్పెక్టరు డ్రైవరుతో ఏదో చెప్పబోయి ఆగాడు. తన కుడి అరచెయ్యి చూసుకున్నాడు. అందులో నాలుగు వేళ్ళ ముద్రలు, నీలంగా, కార్బను మసితో.

ఆయన జేబురుమాలు తీసి, ఒక్కో వేలిముద్రా తీరుబడిగా తుడుచుకున్నాడు. తరవాత అద్దంలోంచి ఆమోసు కళ్ళలోకి చూస్తూ, మెత్తగా అన్నాడు.

“సొలొమోనూ, ఆ కవరు ఎక్కడుంది?”